మూడో పెట్టెకు ఎర్ర చీటీ

హల్ ఊళ్ళో, సర్కారు ఆసుపత్రి నాలుగో అంతస్తులో
ఇంకా ఎవరూ ఏడవని గది.
రంగు వాసన. అట్టపెట్టెలు.
నేలంతా తెల్లటి థర్మోకోల్ పూసలు
బూట్లకంటుకుని నాతోపాటే లిఫ్టు ఎక్కి దిగుతున్నాయి.

ఆరు ఇంక్యుబేటర్లు, ఎనిమిది సిరంజి పంపులు,
నీలిదీపాలు మూడు,
గోడలోంచి ఆక్సిజన్‌కి ఒక గొట్టం, గాలికి ఒకటి.
ఇవన్నీ పనిచేస్తాయని సంతకం పెట్టాల్సింది నేను.
డాక్టర్ని కాను. స్క్రూడ్రైవరు వాణ్ణి.

పిల్ల ఇంకా రాలేదు కాబట్టి
పిల్లలా నటించేవాటిని తెచ్చుకున్నాను.
ఊపిరితిత్తికి బదులు బొటనవేలంత రబ్బరు సంచి,
గుండెకు బదులు జేబులో పట్టే డబ్బా,
మీట నొక్కితే నిమిషానికి నూటనలభై కొట్టుకుంటుంది.
ఒంటికి బదులు ఇత్తడి గుండు, సరిగ్గా ఆరువందల గ్రాములు.
తూనిక మీద పెట్టాను. ఆరువందలు.
తీసి మళ్ళీ పెట్టాను. ఆరువందలు.
మా వీధి కొట్టాయనైతే
ఈపాటి కందిపప్పుకి పొట్లం దారం దండగ అనేవాడు.

మధ్యాహ్నం ఐవీ బ్లెన్‌కిన్ వచ్చింది, ఎనభైమూడేళ్ళు,
ఒకప్పుడు చేపలరేవులో వలలు అల్లిన చేతులు.
సంచీ నిండా ఉన్ని టోపీలు.
"కొలత ఎవరిచ్చారు?" అన్నాను.
"నర్సు ఒక బత్తాయిపండు పంపింది" అంది,
"కొలుచుకున్నాక తినేశాను."
వలకన్ను పెద్దదైతే ఏది జారిపోతుందో
ఆ వేళ్ళకు తెలుసు.

ఆరు పెట్టెల్నీ వేడి చేశాను, ముప్ఫైఆరు దాకా.
పరుపు మీద ఐదుచోట్ల ఐదు తీగలు,
నాలుగు మూలలా, నడుమ.
గుడ్లు పొదిగే కోడిలా గంటసేపు కూచున్నాను.
ఐదు పెట్టెలు మాట నిలబెట్టుకున్నాయి.
మూడోదానికి ఎడమచేతి మూల
ఒకటిన్నర డిగ్రీ చల్లన.

ఒకటిన్నర డిగ్రీ నాకు లెక్కే కాదు,
చొక్కా గుండీ పెట్టుకుంటే సరి.
కొవ్వు పట్టని ఒంటికి
అది హంబర్ మీంచి వచ్చే జనవరి గాలి.

సోమవారం మేయరు వస్తుంది. రిబ్బను కొన్నారు.
"ఫొటోలో ఆరూ వెలగాలి కదా" అన్నాడు ఓల్డ్‌రాయిడ్, కొనుగోళ్ళ మేనేజరు,
"ఆ మూలకి తల పెట్టకపోతే సరిపోదూ?"
చెడ్డవాడు కాడు. ఈ డబ్బు కోసం
మూడేళ్ళు గుమ్మం గుమ్మం తిరిగాడు,
బిస్కెట్ల ఫ్యాక్టరీ క్యాంటీన్లో కేకులు కూడా అమ్మాడు.
నేను తలొంచుకున్నాను.
మంత్రసానితనానికి ఒప్పుకున్నాక
ఏది వచ్చినా పట్టాలంటారు మావాళ్ళు.
నా చేతికొచ్చింది ఎర్ర చీటీ.
దారంతో కట్టాను, ముడి మీద ముడి.

ఫొటోలో ఐదు వెలిగాయి.
మూడోదాని ముందుకి ఎవరో పూలకుండీ జరిపారు.

విడిభాగం గురువారం వచ్చింది, అరచేతిలో పట్టే ఫ్యాను.
పాతది విప్పితే ఒక రెక్కకి వెంట్రుకంత చీలిక,
అంతే.
మళ్ళీ ఐదు తీగలు. మళ్ళీ గంట.
చీటీ తీయబోతే ముడి రాలేదు,
పళ్ళతో లాగాను.

శనివారం రాత్రి ఏదో పంపు మొరాయించిందని పిలిచారు.
మూడో పెట్టె మీద దుప్పటి కప్పి ఉంది.
లోపలికి చూడలేదు, చూడటం నా పని కాదు.
బోర్డు మీద అంకె మాత్రం కనబడింది, ఐదువందల ఎనభైఏడు.
నా ఇత్తడి గుండుకంటే తేలిక.
మారీసెల్ అనే నర్సు కిటికీలోంచి చేయి లోపలికి పెట్టి
తన భాషలో ఏదో చెబుతోంది, సగం మాట, సగం కూనిరాగం.

అలారం మోగింది.
ఆ మోత నేను ఎంచి పెట్టిందే,
వారంలో రెండొందలసార్లు విన్నదే.
మోకాళ్ళు ఇప్పుడు వణికాయి.
ఆమె వేలికొసతో అరికాలు తట్టింది, ఒకసారి,
ఇంకోసారి.
మోత ఆగింది.

పంపు బాగుచేసి, సంతకం పెట్టి, లిఫ్టు ఎక్కాను.
బూటు కింద ఏదో కిచమంది.
థర్మోకోల్ పూస, ఇంకా ఒకటి.