మొండిగోపురం, పది మార్కులు

రెండు క్రెడిట్ల పేపరు నాది.
"కళ, వాస్తు: పరిచయం."
అనంతపురంలో బుధవారం మధ్యాహ్నం, అన్నం తిన్నాక,
కిటికీలకు నల్లగుడ్డలు కట్టి ప్రొజెక్టరు వేస్తే
ఆ చీకట్లో ఎవరైనా నిద్రపోతారు.
నేనైనా.

గోడ మీద అధిష్ఠానం, పాదం, ప్రస్తరం.
కపోతమంటే చూరు అని చెప్పి
పావురమని కూడా అన్నాను, నవ్వుతారేమోనని.
సుంకన్న ఒక్కడే చెయ్యెత్తాడు:
"సార్, ఇది పరీక్షలో వస్తాదా?"
అప్పుడే కరెంటు పోయింది.
బొమ్మ పోయి నా గొంతొకటే మిగిలింది.
దానికి తూకం లేదని
చీకట్లో నాకే తెలిసిపోయింది.

మరుసటి వారం బస్సు మాట్లాడుకొని తాడిపత్రికి పోయినాం.
నలభైముగ్గురు పిల్లలు, ఉగ్గాని పొట్లాలు,
నూనె కారుతున్న మిరపకాయ బజ్జీల సంచి నా ఒళ్ళో.
ఊరింకా రాకముందే
రోడ్డుకు రెండు పక్కలా నాపరాళ్ళు
నిలబెట్టిన పుస్తకాల మాదిరి
అని ఏదో అనబోయి ఊరుకున్నాను.
రంపాలు కూస్తున్నాయి.
కాలువల్లో తెల్లని బురద.
తుమ్మచెట్లు పౌడరు పూసుకొని పెళ్ళికి పోతున్నట్టున్నాయి.

పెన్నలో నీళ్ళు లేవు.
ఒడ్డున గుడిలో, లింగం కింద మాత్రం
బుగ్గ ఊరుతూనే ఉంది.
గోపురం రాతి వరకు లేచి ఆగింది.
పైన ఎక్కవలసిన అంతస్తులు ఎక్కలేదు,
అక్కడ ఆకాశమే ఉంది, రెండు గద్దలున్నాయి.
"వంశం, శకం, శైలి" అని నేను మొదలుపెట్టాను.
ముప్పైమంది అప్పటికే సెల్ఫీల్లో ఉన్నారు.

దస్తగిరమ్మ మాత్రం
రాతికి చెంప ఆనించి ఒక కన్ను మూసింది,
వడ్రంగి పలక వంకర చూసుకున్నట్టు.

"సార్, ఈడికి రాండి.
ఇది ఒక చెయ్యి కాదు.
ఈ తీగ కొట్టినోడు ఎడమచేతోడు,
ఉలి జాడలన్నీ ఎట్ల వాలినాయో సూడండి.
ఆ పక్కనోడు కొత్తోడు,
దెబ్బదెబ్బకూ భయపడినాడు."

"నీకెట్ల తెలుసమ్మా?"

"మా నాయన పాలిష్ ఫ్యాక్టరీకి రాకముందు
గనికాడ రాయి కొట్టేటోడు.
మొకం జూసి మనిషిని జెప్పినట్టు
రాయి జూసి కొట్టినోని పేరు జెప్తాండె.
ఇప్పుడు మాటకు ముందు దగ్గొస్తాది."

అంతే అంది. మళ్ళీ రాతివైపు తిరిగింది.

"లైటు ఎదురుగా కొట్టొద్దప్పా, పక్కనుంచి కొట్టు"
అని సుంకన్న చేతిని తనే జరిపింది.
పక్కనుంచి వెలుగు పడేసరికి
నున్నగా ఉందనుకున్న గోడంతా
గంట్లు, గీతలు, మనసు మార్చుకున్న జాడలు.
ఒక చోట చిలక ముక్కు పూర్తయింది,
చిలక ఇంకా రాలేదు.
ఫోన్లన్నీ అటే తిరిగినాయి, మొహాల వైపు కాకుండా.

ఓబులేసు చాలాసేపటికి అడిగాడు:
"ఆ పొద్దు సాయంత్రం ఏమయ్యింది సార్?
ముక్కు చెక్కినోడు
రేపొచ్చి చేద్దామనుకోని ఇంటికి పోయింటాడా?"

నా దగ్గర నోట్సుంది.
యుద్ధాలున్నాయి, ఖాళీ ఖజానాలున్నాయి.
"తెలీదు" అన్నాను.
పదకొండేళ్ళ ఉద్యోగంలో
క్లాసులో ఆ మాట అనడం అదే మొదలు.
ఎవరూ నవ్వలేదు.
బజ్జీలు చల్లారిపోయినాయి, వాటినట్లే తిన్నాం.

ఇదంతా ఫిబ్రవరిలో.

ఇప్పుడు ఎండ ముదిరింది, పేపర్లు దిద్దుతున్నాను.
"గోపురం పటము గీసి భాగములు గుర్తింపుము. 10 మార్కులు."
అందరూ స్తూపి దాకా గీశారు,
స్లైడులో ఉన్నట్టే, స్కేలు పెట్టి.

దస్తగిరమ్మ రాతి వరకే గీసింది.
పైన సగం పేజీ వదిలేసి
అంచున చిన్న అక్షరాల్లో రాసింది:
"ఈడ పొద్దు గూకింది."

జవాబుల పట్టికలో ఆ భాగం పేరు లేదు.
ఎర్రపెన్ను మూత తీసి అర్ధగంటయ్యింది.
అటెండరు తాళంచెవి ఊపుతూ వాకిట్లో నిలబడ్డాడు:
"ఇంగెన్నున్నాయి సార్?"

నలభైరెండు అయిపోయినాయి.
ఇంకొకటి.