సేతులొద్దు బావూ

పలాసలో ఆరు రోజులు ఉత్తరాలు వేరుచేస్తాను.
ఏడో రోజు మొహాలు.

మొదట పెద్ద కెమెరా పట్టుకెళ్ళాను,
వాయిదాల మీద కొన్నది, మోచెయ్యంత లెన్సుతో.
టీ కొట్టు దగ్గర మూత తియ్యగానే
వీధి వీధంతా సర్దుకు కూచుంది.
పునుగుల బండి పోలినాయుడు
గరిట వదిలి దువ్వెన తీశాడు.
కానిస్టేబులు "ఏ పేపరు?" అన్నాడు.
ఏదీ కాదంటే నమ్మలేదు,
ఏదీ కానివాడికి అంత పెద్ద కన్నెందుకని.
ఒక ముసలాయన చంకలోని సంచీలోంచి
మడతలు పడ్డ కాయితాలు తీసి
చూపించాడు, నాకు కాదు, లెన్సుకి.
తుపానుకి పడిపోయిన కొబ్బరిచెట్లు పద్నాలుగట,
జాబితాలో తొమ్మిదేనట.
మిగతా అయిదూ
ఇందులో అగుపిస్తాయా అని అడిగాడు.

జీడిపప్పు బట్టీ దాకా వెళ్ళేసరికి
నా షట్టరు కన్నా ముందు
వాళ్ళ షట్టరు పడింది.
సగం వరకే.
కింది సందులోంచి
కదలకుండా ఆగిపోయిన ఆడవాళ్ళ పాదాలు,
తొక్కుల గుట్ట మీద ఒక కోడి.
కోడి మాత్రం ఏమీ అనుకోలేదు.

మరుసటి వారం ఫోను.
ఎవరూ ఏమీ అనలేదు.
గుమస్తా తన ఫోన్లోంచి తలెత్తకుండానే
లోపలికెళ్ళమని చెయ్యి ఊపాడు.
గంటలో నూట నలభై తీశాను.
పప్పు పొట్టు ఒలిచే ఊర్వశి
"ఏ పాటెడతావు దీనికి?" అంది, అంతే.
రాత్రి మంచమ్మీద పడుకుని
బొటనవేలితో అందర్నీ పక్కకి తోశాను,
చిరునామా లేని కవర్లలా.

మూడోది డబ్బా కెమెరా.
పాత్రోగారు స్టూడియో ఎత్తేసి
రీచార్జీల కొట్టు పెట్టుకున్నప్పుడు
పద్దెనిమిది వందలకి ఇచ్చేశారు.
కళ్ళు ఒకదాని కింద ఒకటి.
బొడ్డు దగ్గర పెట్టుకుని పైనుంచి చూడాలి,
అంటే తీసేవాడు తల వంచుకోవాలి.
అందులో విశేషం నాకేం తోచలేదు,
మెడ నొప్పి తప్ప.

దాలమ్మకి తోచింది.
"ఏటి బావూ, ఏటైనా పారీసుకున్నావేటి?
పొట్టకేసి సూసుకుంతన్నావు."
చెప్పాను. నవ్వింది. సుత్తి ఆపలేదు.
"అయితే తియ్యి. మొకం తియ్యి.
సేతులొద్దు బావూ."

జీడిసొన తిన్న చేతులు.
గోరింటాకు ఎంతమేర పండుతుందో
అంతమేరా నలుపు.
బూడిద రాసుకుంటుంది, ఆముదం రాసుకుంటుంది,
అయినా వేలిముద్ర అరిగిపోయి
రేషను మిషను ఆవిణ్ణి పోల్చుకోదట.
ఇప్పుడు కంటికి ఏదో పెట్టి చూస్తున్నారట.
"అదీ కెమేరానే కదా బావూ?
అది నన్నేటీ అడగలేదు."

తరవాత "నానూ సూస్తాను" అంది.
చేతులు చీరకి తుడుచుకుంది,
తుడుచుకున్నా తాకకుండా వంగింది గాజు మీదకి.
అందులో అరచేతిలో పట్టేంత బట్టీ,
కుడి ఎడమై, ఎడమ కుడై.
"ఓలమ్మో! ఊర్వశి పుట్టుమచ్చ
ఇటెల్లిపోనాది!"
ఊర్వశి బుగ్గ తడుముకుంది.
ఇంక ఒకరి వెనక ఒకరు లేచొచ్చారు.
ఫొటో సంగతి ఎవరికీ అక్కర్లేదు,
తమ బట్టీ తిరగబడితే ఎలా ఉంటుందో చూడాలి.
గుమస్తా కూడా వరసలో నిలబడ్డాడు.

"నువ్వెల్లి ఆడ నిలబడు," అంది దాలమ్మ.
నిలబడ్డాను.
ఆవిడ తల వంచింది.
ఎంతసేపో ఎత్తలేదు.
చేతులు జేబులో పెట్టాను. తీశాను.
కట్టుకున్నాను. బాగోలేదు.
ఇన్నాళ్ళూ మనుషుల్ని
నేనెక్కడ నిలబెట్టానో
అక్కడి ఎండ అప్పుడు తగిలింది మొహానికి.

విశాఖపట్నంలో కడిగించి తెచ్చేసరికి
ఇరవై రోజులు.
పన్నెండింట్లో నాలుగు పొగ.
ఒకటి నేను. కాస్త వాలి, నెత్తి సగం తెగి.
ఆ ప్రింటు పట్టుకెళ్ళి ఇచ్చాను.

నల్లటి వేళ్ళ చివర్లతో
అంచులు మాత్రం పట్టుకుని
అటూ ఇటూ తిప్పి చూసింది దాలమ్మ.
"బాగున్నావు గానీ,
సేతులేవి బావూ?"