సత్తు గిన్నెకు మాటేసేవాడు

మా చిత్తూర్లో రాత్రిపూట
ఇంటి కప్పుల్నుంచి కలలు కారతాయి.
ఇత్తడిలో పడితే తెల్లారేసరికి చిలుమెక్కుతాయి,
ఇనప బొచ్చెలో దయ్యాలవుతాయి,
బంగారు చెంబులోనా, పట్టి చూసినోళ్ళు మా వీధిలో లేరు.
పేరులోనే సత్తువ, ఎత్తితే దూది,
ఆ సత్తు గిన్నె ఒక్కటే
పడిన కలను పడినట్టే పెట్టుకుంటుంది.

పొద్దున దాన్నే కడిగి సంగటేసుకుంటాం.

మిగిలిన కలలు బెల్లం మండీకి పోతాయి.
తరుగు, దలాలి పోనూ
మంచి కలకు మూడు దిమ్మల బెల్లం.
అందుకే గిరింపేటలో గిన్నెకు చిల్లంటే
సంసారానికి చిల్లే.
నలభై ఏండ్లుగా మాట్లేస్తా ఉండా.
సొట్టలు మాత్రం తీయను,
వాటిల్లోనే కల కాస్త కుదురుగా కూచుంటుంది.

మొన్న చెంగమ్మ వచ్చింది, ఒళ్ళో గిన్నె.
కొత్తది. ఒక్క మాటైనా పడనిది.
"బిడ్డ మూడు దినాలుగా లేయలేదన్నా."
తొంగి చూసినా.
అంచుదాకా నీవా నది,
రెండు గట్లూ ఒరుసుకుంటా.
నేను పుట్టినాంక ఆ ఏట్లో అన్ని నీళ్ళు చూల్లేదు.

మండీలో దాని ధర నాకు తెలుసు.
ఆమెకూ తెలుసు.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.
ఆమె గిన్నె బోర్లించలేక నా పక్క జరిపింది.
మేకు పెట్టి సుత్తి ఎత్తినా.
నా చేత్తో నేను పొడిచిన
మొదటి చిల్లు అది.
నీళ్ళు సన్నగా నా మోకాళ్ళ మీదుగా పోయినాయి.

వీధి చివరింట్లోంచి
సంగటేదని
ఒక చిన్న గొంతు.