ఆరు నుంచి పన్నెండుకి

రాజోలు లాకుల దగ్గర రేకుల షెడ్డులో
ఏసుపాదం పాయింట్లు విప్పి
నా అరచేతిలో పెట్టాడు.
నల్లగా, గుంటలుపడి,
పోస్టుకార్డు ముక్క దూర్చి సందు సరిచేసుకున్న
ఇరవై వానాకాలాలు.

"ఇక దీంతో పన్లేదండి. తడిసినా నిప్పు పడుద్ది."

ఆరు వోల్టుల డైనమో ఉన్నన్నాళ్లూ
కాలవగట్టు మలుపులో ఎజ్డీ నెమ్మదిస్తే
దీపమూ కునికేది.
అడ్డొచ్చింది గేదో, నీడో తెలీక
క్లచ్చి నొక్కి, రైజు చేసి
చప్పుడిచ్చి వెలుగు కొనుక్కునేవాణ్ణి.

ఈ రాత్రి ఒక్క కిక్కుకే అందుకుంది.
గట్టంతా తెల్లగా,
రొయ్యల చెరువులో ఏరేటర్ల నురగ దాకా.

మలుపు దగ్గర మాత్రం
నా కుడిచెయ్యి, ఎవరూ అడక్కుండానే,
ఎక్సిలేటర్ తిప్పింది.
వెలుగు పెరగలేదు.
చప్పుడొక్కటే కాలవ దాటి
అవతలి గట్టు కుక్కని లేపింది.