పదిహేడో తూరి

గుంతకల్లు రైల్వే గ్రౌండులో
గడ్డి పెరిగేదే ఏడాదికి మూడు నెలలు.
తక్కినదంతా ఎర్రమన్ను, పల్లేరుకాయలు, ఎండ.
ఆ మూడు నెలల కోసం
తొమ్మిది నెలలు రేకుల షెడ్డులో
గోనెసంచి కప్పుకుని పండుకుంటాది
పాతకాలం ఇంగ్లీషు గడ్డిమిషను.
దానికి కాపలా సుంకన్న.

పుబ్బలో రెండు వానలు పడినాయంటే
పిలకాయలు బ్యాట్లు పక్కన బెట్టి
గట్టు మీద వరసగా కూచుంటారు,
సుంకన్న తాడు గుంజేది లెక్కబెట్టడానికి.
ఒకటీ... రెండూ...
తొమ్మిదో తూరికి ఒక దగ్గు,
పదమూడుకు పొగ.
పదిహేడుకు పలికితే సమోసా పందెం తేలినట్లే.
ఇరవై దాటితే
మిషన్నూ, దాన్ని చేసిన దొరనూ, వాని ఏడు తరాలనూ
ఒక్క ఊపిరిలో తిట్టేవాడు సుంకన్న.
ఆ తిట్టుకు భయపడో ఏమో
అప్పుడు పలికేది.

"భుజం పట్టేసింది మాబున్నీ, దీనికేదన్నా సెయ్యి"
అని తోపుడుబండి మీద ఏసుకుని
మా అంగడి కాడికి తెచ్చినాడు.
బోర్డు మీద ఇంకా మా నాయన పేరే: మెకానిక్ హుసేనప్ప.
కొత్తోళ్లొచ్చి "మెకానిక్కు లేడా" అంటారు.
నేను పానా అందుకుంటాను.

చక్రం నట్టు మొండికేసింది.
రాత్రంతా డీజిలు తాపి
తెల్లారి పుల్లరు బిగించి నెత్తిన ఒక్కటి తడితే
టంగుమని వదిలింది.
లోపల పాయింట్లు.
కందిబేడంత లేవు రెండూ,
ఒకదాన్నొకటి కరిచి కరిచి
ఒకటి గుంత, ఒకటి గుట్ట.
వీటి నడుమ సందు మా నాయన పెట్టిందే.
అరగదీసిన ఆక్సాబ్లేడు ముక్క దూర్చి,
కండ్లు మూసుకుని,
"కంటికి కాదు పాపా, ఏలికి తెలియాల" అనేవాడు.

మూత తిరగేస్తే మేకుతో గీసిన తేదీలు.
84 పుబ్బ. 87 ఉత్తర.
91లో రెండు తూర్లు, ఆ ఏడు గడ్డి బాగా లేచినట్లుంది.
ఆఖరిది ఒక పక్కకు జారిపోయింది,
చెయ్యి వణికే దినాలది.

కొత్తది బెంగుళూరు నుంచి బస్సు పార్సిల్లో వచ్చింది.
నల్లటి బిళ్ల. విప్పేదానికి మర లేదు,
అరిగేదానికి అంచు లేదు.
సుంకన్న దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి
"దీనికి నోరేదే?" అన్నాడు.

చక్రానికి బయట బిగించాల దీన్ని.
అయస్కాంతానికీ దానికీ మధ్య ఒక అట్ట మందం సందు.
ఎవరిదో పెండ్లిపత్రిక చించి పెట్టినా,
చి.ల.సౌ. వరకే మిగిలిన ముక్క.
లటుక్కున పట్టింది అయస్కాంతం.
మరలు బిగించి చక్రం తిప్పితే
అట్ట నలక్కుండా చేతికొచ్చింది.

కండెన్సరు తీసేసినా,
దాన్నంటుకోనుండే పాయింటూ పోయింది.
రెండో పాయింటు చెయ్యి మాత్రం తియ్యలేదు.
అది అదిమిపట్టిన సన్న కడ్డీ ఒకటుంది,
అగ్గిపుల్లలో సగం,
కదిలిస్తే నూనె ఉబికింది.
ఉండనీ అనుకున్నా.
ఇంజను తిరిగినంతసేపూ
ఆ చెయ్యి లేస్తానే ఉంటాది, దిగుతానే ఉంటాది,
ఎదురుగా ఏమీ లేకపోయినా.

సాయంత్రం గ్రౌండులో
పిలకాయలు గట్టెక్కినారు.
సుంకన్న కాలు తన్నిపెట్టి
అరచేతిలో ఉమ్మేసుకుని
పదిహేడు తూర్లకు సరిపడా గాలి పీల్చినాడు.
ఒకటీ—
అంతే.
మిషను పలికింది.
సుంకన్న తడిగడ్డి మీద వెల్లకిలా.
"రెండూ" అనబోయిన పిల్లోని నోరు అట్లే ఉండిపోయింది.
సమోసాలు ఎవరు కొనాల్నో ఎవరికీ తెలియలేదు.

లేచి ఆపినాడు. గుంజినాడు. పలికింది.
మళ్లా ఆపినాడు. గుంజినాడు.
పలికింది.
"ఇంక దీన్ని తిట్టేదెట్లమ్మే?" అన్నాడు.
పాత పాయింటు అడిగి తీసుకుని
బీడీకట్ట పక్కన జేబులో ఏసుకున్నాడు.

చెప్పేది మరిచినా.
మూత బిగించే ముందు
మా నాయన ఆఖరి తేదీ కింద మేకు ఆనించినా.
విప్పే పని ఇంక పడేటట్లు లేదు.
ఏం గీయాల్నో తోచక
ఆ అట్టముక్కను అక్కడ పెట్టి చూసి, తీసి,
అంత జాగా ఖాళీగా వదిలి
బిగించేసినా.