పద్నాలుగు సెకన్లు

నీ పాటలు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి, ఏబేలూ.
క్వారీ లారీలకు టీ పోసే పిచ్చమ్మ దగ్గరున్నాయి,
సంతనూతలపాడు ఆటోల్లో తిరుగుతున్నాయి.
నా దగ్గరున్నది మాత్రం
పాట కాదు.

ఎక్కడ స్టేజీ కట్టినా, జనం రాకముందు
నేను వైర్లు బిగిస్తుంటే మైకు అందుకునేవాడివి.
అందరిలా హలో అనవు. వన్ టూ అనవు.
కళ్లు మూసుకుని
ఒక్క "ఆ..."
అంతే.
ఆ ఒక్క అచ్చుకి
నాలుగు హారన్లూ, జనరేటరు మోతా
బడిపిల్లల్లా ఒద్దికగా కూచునేవి.
ఎకో పెంచబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడివి:
"వద్దు మామా, గొంతుకి పౌడరెందుకు?"

రామతీర్థం గనిలో పుట్టిన గొంతు.
కంప్రెసరు రొదలో పక్కవాడికి వినపడాలంటే
కేకెయ్యాలి, లేదా పాడాలి.
మీ నాయన కేకేశాడు. నువ్వు పాడావు.
చుక్కలు మెరిసే నల్లరాయి ఓడలెక్కి
ఎవరి వంటింటి గట్టుకో పోయింది,
దాని దుమ్ము నీ ఛాతీలో ఆగింది.
రాయి జారి నడుం పట్టేసిన ఏడు
మొదటి సూదికి నిన్ను
నేనే బండి మీద తీసుకెళ్లా.
"పోయింది మామా, నొప్పి సాంతం పోయింది"
అని నవ్వావు చూడు,
ఆ నవ్వుకి భయపడాలని
అప్పుడు నాకు తెలియదు.

నొప్పి పోయింది, సూది పోలా.
మే నెల ఒంగోలు ఎండలో పొడుగు చేతుల చొక్కా.
మార్తమ్మ కమ్మలు పోయాయి.
నా మానిటరు స్పీకరొకటి పోయింది, నేను అడగలా.
అద్దంకి బస్టాండు వెనక సందులో
చీటీ అడగని మందుల షాపొకటి
నీ పేరు అడక్కుండానే నిన్ను గుర్తుపట్టేది.

దర్శిలో చరణం మధ్యలో మర్చిపోయి
మైకు జనం వైపు తిప్పావు.
వాళ్లు సంబరంగా అందుకున్నారు.
మిక్సరు దగ్గర నాకొక్కడికే తెలుసు
అది సరసం కాదని.
ఆ రాత్రే మొదటిసారి
ఎకో పెంచమన్నావు.
ఇంకా, అన్నావు.
పైస్థాయి అందనప్పుడల్లా నాబు తిప్పి
నిన్ను నిలబెడతా వచ్చా.
అబద్ధమాడింది నువ్వొక్కడివే కాదు.

అది పులిలా రాదు, గాండ్రించదు.
ముందు వరసలో కూచున్న అభిమానిలా వస్తుంది,
ప్రతి పాటకీ చప్పట్లు కొడుతుంది,
స్టేజీ దిగాక ఇంటిదాకా తోడొస్తుంది.
పొద్దున లేచేసరికి
ఇంక పాటెందుకులే, నేనున్నాగా, అంటుంది.

రిమ్సులో పదకొండు రోజులు.
వణుకుతూ నా చెయ్యి పట్టుకున్నావు:
"లోపల స్పీకరు చిరిగింది మామా,
గర్రుమంటా ఉంది, ఆపు."
పన్నెండో రోజు గోడ దూకావు.

నిన్న సమాధుల దొడ్లో
పాస్టరుగారికి మైకు పెట్టింది నేనే.
గనోళ్లు పనికిరాదని పారేసిన రాతిముక్క తెచ్చి
నీ తలాపున పాతారు.
ఒక మూల పగులు, మిగతా అంతా చుక్కలే.
నీ మేనకోడలు కెజియా, ఏడేళ్లది,
స్టాండు దించమని సైగ చేసింది.
ఏం పాడాలో తెలియక
నీలాగే కళ్లు మూసుకుంది.
నేను ఎకో సున్నాకి తెచ్చా.

తర్వాత మార్తమ్మ వచ్చి అడిగింది:
"వాడి గొంతు నీ కాడేమన్నా ఉందా, కాలేషా?"
లేదన్నా.

ఉంది.
పోయినేడు పొదిలిలో, పొరపాటున ఎక్కింది.
పద్నాలుగు సెకన్లు.
తొమ్మిది సెకన్లు, ఆ "ఆ..."
ఎక్కడా వంకర లేదు, మరక లేదు.
తర్వాత దగ్గు.
తర్వాత, మైకు ఆపలేదని మరిచి, గొంతు తగ్గించి,
"మామా, రెండొందలుంటే ఇయ్యి."
ఆ తర్వాత
కాయితాల గలగల.
నోట్లవి.
నావి.