కన్ను ఉన్నవాడు

హల్ ఊళ్ళో చేపల రేవు మూతబడ్డ ఏడాది
ఎనిడ్ హోల్‌రాయిడ్ గదిలో
స్లయిడ్ల యంత్రం తిప్పే పనికి కుదిరాను.
పదకొండు సెకన్లు ఒక మొహం.
ఆపైన ఓ కప్పు టీ, కాసిని కూడికలు, తీసివేతలు.
ఆపైన ఆరు మొహాలు.
వీళ్ళలో ఎవరు?
తడుముకోకుండా వేలు చూపినవాళ్ళకే
మా పుస్తకంలో ఎర్రసిరా ఎక్కువ ఖర్చయ్యేది.

మా భాషలో సాక్షి అంటే కన్ను ఉన్నవాడు అన్నాను.
"మీకూ అదే జబ్బా!" అంది.
రోషం వచ్చి సామెత అందుకున్నాను:
కళ్ళతో చూసిందీ అబద్ధం, చెవులతో విన్నదీ అబద్ధం,
విచారిస్తే తెలిసిందే నిజం.
"ఈ ముక్క మనకి డబ్బులిచ్చేవాళ్ళ చెవిన వెయ్యకు,
ప్రయోగాలు ఆపేస్తారు."

డెస్మండ్ స్టాథర్స్ కేసులో బోనెక్కింది.
అతణ్ణి చూశానన్నది రొట్టెల కొట్టు ఐరిస్ గాంట్,
నా రెండు కళ్ళతో, అని ఒట్టేసింది.
ఎనిడ్ అంది:
"ఆవిడ అబద్ధమాడటం లేదు. పొరబడి ఉండొచ్చు.
ఆ రెండింటికీ మధ్య ఇరుకు సందులోనే
నా ఉద్యోగం."
అతను విడుదలయ్యాడు.
తెల్లారేసరికి మా కిటికీకి గుడ్ల సొన.

ఆ తరువాత పద్దెనిమిదేళ్ళు
ఎనిడ్ రొట్టె కోసం నది దాటి వెళ్ళేది.
పడవకి దారిస్తూ వంతెన పైకి లేస్తే
సంచి చంకన పెట్టుకుని
గాలిలో అలా నిలబడేది.
ఒకసారి పక్కనే ఉండి అడిగేశాను,
ఇంతకీ అతనేనా?
"నాకేం తెలుసు. నేను చూడలేదుగా."

కమిటీలు. రైళ్ళు. చల్లారిన శాండ్‌విచ్‌లు.
రేడియోలో ఆమె మాట సగంలో తుంచేసి వాతావరణం చెప్పేవారు.
చివరికి పోలీసుల నియమావళిలో
ఒక్క వాక్యం మారింది:
ఫోటోలు చూపే మనిషికి
అందులో అనుమానితుడెవరో తెలియకూడదు.
ఆ వాక్యాన్ని టైపు చేసి పంపింది నేనే.
నాలుగుసార్లు తిప్పి పంపారు.

రిటైరైన సాయంత్రం గ్లాసెత్తి అంది:
"మొదటిరోజు తలుపు దగ్గర
ఆకుపచ్చ స్వెట్టరులో వణుకుతూ నిలబడ్డావు.
నిన్నటిలా ఉంది నాకు."
ఆకుపచ్చ నేనెప్పుడూ వేసుకోలేదు.
నవ్వి ఊరుకున్నాను.
ఆమెకి ఆమె పాఠమే అప్పజెప్పడానికి
నోరు రాలేదు.

ఇంటికొచ్చి, కోటు విప్పకుండానే
పెట్టె తెరిచి ఆ ఏడాది ఫోటో వెతికాను.
దొరికింది.
తలుపు, నేను, ఏదో స్వెట్టరు.
ఫోటో నలుపూ తెలుపూ.